నీలి బూడిద రంగు: నాలుగు గోడలకా, ఒక్క గోడకా?

పడకగదికి నీలి బూడిద రంగు అనుకున్నాక తేల్చుకోవాల్సింది ఒకటుంది: గదంతా వేయించాలా, మంచం వెనక గోడకి మాత్రమేనా?

ఒక్క గోడైతే ఖర్చు తక్కువ, నచ్చకపోతే మార్చుకోవడం తేలిక. చిక్కంతా మిగతా మూడు గోడలతోనే. వాటికి పసుపు ఛాయ ఉన్న క్రీమ్ వేస్తే పక్కనున్న నీలం ఇంకా నీలంగా కొడుతుంది. కొంచెం బూడిద కలిసిన తెలుపు కుదురుతుంది.

నాలుగు గోడలకీ వేస్తే గది నిండుగా ఉంటుంది. కానీ అప్పుడు పెత్తనమంతా వెలుతురుది. ఉత్తరం కిటికీలోంచి నేరుగా ఎండ పెద్దగా రాదు, వచ్చే వెలుగులో నీలం పాలు ఎక్కువ. అందులో ఈ రంగు చల్లగా, కాస్త దిగులుగా కనిపిస్తుంది. పడమటి గదిలో సాయంత్రం ఎండకి అదే రంగు మెత్తబడుతుంది. ఇక రాత్రి, మన ఇళ్లలో మామూలుగా ఉండే 6500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) తెల్ల ట్యూబ్‌లైటు కింద గది ఆసుపత్రి వార్డులా తయారవుతుంది. పసుపు వెలుగిచ్చే 3000 కెల్విన్ బల్బు పెట్టి చూడండి, టేకు తలుపు కూడా ఆ గోడ పక్కన భలే నిండుగా కనిపిస్తుంది.

ముదురు షేడ్, అందులోనూ మెరుపు లేని మ్యాట్ ఫినిష్ అయితే, మంచం తలవైపు నూనె మరక ఇట్టే పడుతుంది. టచప్ చేస్తే అతుకు తెలుస్తుంది.

నా ఓటు: పడమటి గదికి లేత షేడ్‌లో నాలుగు గోడలూ, ఉత్తరపు గదికి ఒక్క గోడే. ఏదైనా ముందు పెద్ద అట్టముక్కకి రెండు కోట్లు వేసి, పగలూ రాత్రీ ఆ గోడకే ఆనించి చూడండి. షేడ్ కార్డులోని చిన్న ముక్కని చూసి ఆర్డర్ ఇవ్వొద్దు, గోడంతా పరుచుకునేసరికి ఒక మెట్టు ముదురుగా అనిపిస్తుంది.