బియ్యం కలపని పెసరట్టు: షుగర్ ఉన్న మనిషిగా ఏళ్లపాటు తిన్నాక

నాకు షుగర్ అని తేలిన దగ్గర్నుంచి మా ఇంటికి వచ్చిన చుట్టాలు, పక్కింటివాళ్లు, ఆఖరికి గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి కూడా ఓట్స్ తినమనే చెప్పారు. ఆ మాట ఇప్పటికీ ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. తెనాలిలో పుట్టి పెరిగిన మనిషిని. పొద్దున్నే పెనం మీద పిండి పడ్డ చప్పుడుకి నిద్ర లేచినదాన్ని. కొన్నాళ్లు వాళ్ల మాట విని ఓట్స్ కాచుకున్నాను. ఆ గిన్నె ముందు కూర్చుంటే ఏడుపొచ్చేది. పదకొండు కొట్టేసరికి ఆకలేసి బిస్కెట్ల డబ్బా వెతుక్కునేదాన్ని. ఇంట్లో అందరూ ఒకటి తింటుంటే నేను ఇంకొకటి తినడం, అది చాలక ఒకే పొయ్యి మీద రెండు టిఫిన్లు నేనే చేయడం. షుగర్ వచ్చిన ఆడవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు.

ఆ బాధలోంచి నన్ను బయట పడేసింది పెసరట్టు. ఎలా వేయాలో మనవాళ్లకి నేను చెప్పేదేముంది కాబట్టి ఆ సంగతి వదిలేస్తున్నాను. ఒక్క మార్పు గురించే చెప్పాలి. నేను పిండిలో బియ్యం వేయను, ఒక్క గింజ కూడా.

కరకరలాడాలని పెసలతోపాటు గుప్పెడు బియ్యం నానబోయడం మా అమ్మకీ అలవాటే, మా అత్తగారికీ అలవాటే. ఆ గుప్పెడు ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. కొన్ని ఇళ్లలో చూస్తే పిండిలో మూడో వంతు బియ్యమే. బియ్యం లేకపోతే అట్టు మెత్తగా, ముద్దగా వస్తుందని అందరూ అంటారు. అలా రాకుండా వేయొచ్చు. పెసలు నాలుగైదు గంటలకి మించి నాననివ్వను. రాత్రంతా నానితే నీళ్లు బాగా పీల్చుకుని పిండి జారైపోతుంది. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి, నీళ్లు చాలా తక్కువ పోసి, వేళ్ల మధ్య రాస్తే రవ్వ తగిలేలా బరకగా రుబ్బుతాను. ఇనుప పెనం బాగా కాగాక మంట తగ్గించి, సగానికి కోసిన ఉల్లిపాయతో ఒకసారి రుద్ది, గరిటెడు పిండి పల్చగా తిప్పి మళ్లీ మంట పెంచుతాను. అంచులు వాటంతట అవి పైకి లేచేదాకా అట్లకాడ పెట్టను. తొందరపడి లేపితే చిరుగుతుంది. ఓపిక పడితే మాత్రం అడుగున ఎర్రగా, పైన ఉల్లిపాయ ముక్కలు సగం ఉడికి, పచ్చిమిర్చి వాసనతో లేస్తుంది. బియ్యం వేసినంత కరకర రాదు, నిజమే. కానీ తింటుంటే అది పెసరట్టే, పథ్యం తిండి కాదు.

ఇక నన్ను కట్టిపడేసిన గుణం చెబుతాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న దగ్గర్నుంచి రెండు గంటలు లెక్కపెట్టి, వేలు గుచ్చుకుని మీటరులో షుగర్ చూసుకోవడం నా అలవాటు. చాలామంది తినడం పూర్తయ్యాక లెక్క మొదలుపెడతారు, అలా కాదు. మూడు ఇడ్లీలు తిన్నరోజు మీటరు 230 చుట్టూ చూపించేది. ఉప్మా తిన్నరోజు ఇంకొంచెం పైన. బియ్యం లేని పెసరట్లు రెండు, కొబ్బరి చట్నీతో తిన్న మొదటి రోజు 148 వచ్చింది. మీటరు చెడిపోయిందేమోనని ఇంకో వేలు గుచ్చుకున్నాను. 152. మా ఆయన్ని పిలిచి చూపించాను. "స్ట్రిప్పులు పాతవేమో చూడు" అన్నారు. కొత్త డబ్బా విప్పి మర్నాడు మళ్లీ చూశాను, దాదాపు అంతే. షుగర్ వచ్చాక ఆ మీటరు చూసి నేను సంతోషపడ్డది అదే మొదటిసారి.

ఎందుకిలా అంటే పెద్ద రహస్యమేం లేదు. ఇడ్లీ పిండిలో మినప్పప్పు ఒక వంతైతే రవ్వ రెండు వంతులు, ఆ రవ్వ బియ్యమే. మినుములు ఆరోగ్యమని మనం తినేది ఎక్కువగా బియ్యాన్నే. పెసల దగ్గర లెక్క వేరు. పొట్టుతో ఉన్న పెసలు 50 గ్రాములు తీసుకుంటే అందులో దాదాపు 12 గ్రాములు మాంసకృత్తులు, 8 గ్రాములు పీచు. పిండి పదార్థం ఉంది కానీ నిదానంగా అరుగుతుంది. బరకగా రుబ్బితే ఇంకొంచెం నిదానం. పొట్టు తీసిన చాయ పెసరపప్పుతో కూడా వేసి చూశాను. చూడ్డానికి పసుపుపచ్చగా ముచ్చటగా ఉంటుంది, రుచీ బాగుంటుంది. కానీ పొట్టుతోపాటు పీచు చాలావరకు పోతుంది కదా, నాకు మీటరు మీద ఇరవై, ముప్పై పాయింట్లు ఎక్కువే చూపించింది. అందుకే పచ్చ పెసలే.

హోటల్ పెసరట్టు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. దాంట్లో బియ్యం ఎంతో మనకి తెలియదు, లోపల ఉప్మా కూరతారు, పక్కన బెల్లం వేసిన అల్లం పచ్చడి. ఒకసారి తిని చూస్తే ఇడ్లీలకి వచ్చినంతా వచ్చింది. బెల్లం లేని అల్లం పచ్చడి నాకు సహించదు, అందుకని ఇంట్లో కొబ్బరి చట్నీ, పల్లీ చట్నీలకి మారిపోయాను. రెడీమేడ్ పొడి ప్యాకెట్లు కొనేవాళ్లు వెనక పదార్థాల పేర్లు చదవండి. నేను చూసినవాటిలో కొన్నింట్లో బియ్యప్పిండి ఉంది.

ఇంత మెచ్చుకున్నాను కదా, ఇప్పుడు నన్ను నిజంగా భయపెట్టిన సంగతి చెప్పాలి. పెసరట్టు మంచిదని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ ముక్క మాత్రం నాకెవరూ చెప్పలేదు.

అప్పట్లో నేను మెట్‌ఫార్మిన్‌తోపాటు పొద్దున టిఫిన్‌కి ముందు గ్లిమిపిరైడ్ అనే ఇంకో షుగర్ మాత్ర, 2 మిల్లీగ్రాములది, వేసుకునేదాన్ని. మియాపూర్‌లో మా పిన్ని కూతురి గృహప్రవేశం. ఎప్పట్లాగే మాత్ర వేసుకుని, రెండు పెసరట్లు తిని బయల్దేరాం. సత్యనారాయణ వ్రతం మొదలవడమే ఆలస్యమైంది. అయిదు కథలూ అయ్యేసరికి ఒంటిగంట దాటేలా ఉంది. ఎండాకాలం, ఇంటినిండా జనం, హోమం పొగ. నాలుగో కథలో ఉండగా నాకు మెడ వెనక చల్లటి చెమట పట్టింది. ఉక్క అనుకున్నాను. కాసేపటికి చేతిలో అక్షింతలు పట్టుకుంటే వేళ్లు వణుకుతున్నాయి. పంతులుగారి గొంతు ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. పక్కన కూర్చున్న తోడికోడలు ఏదో అడిగితే కారణం లేకుండా ఆవిడ మీద విసుక్కున్నాను. ఎప్పుడూ అలా మాట్లాడనని ఆవిడకి తెలుసు. "అక్కా, నీ మొహం ఇలా ఉందేంటి?" అని నన్ను లేపి పక్క గదిలోకి తీసుకెళ్లింది.

మీటరు నా సంచిలోనే ఉంది. గుచ్చుకుంటే 58. అప్పటిదాకా పెరగడమే తెలిసినదాన్ని, తగ్గడమంటే ఇలా ఉంటుందని మొదటిసారి చూశాను. తోడికోడలు హడావిడిగా ప్రసాదం గిన్నె తెచ్చింది. అక్కడే నర్సింగ్ చదివే మా మేనకోడలు ఉండబట్టి బతికాను. "అది తర్వాత అత్తా, ముందు పంచదార నీళ్లు" అని మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించింది. ప్రసాదంలో రవ్వ, నెయ్యి ఉంటాయి, నెయ్యి ఉన్నప్పుడు చక్కెర రక్తంలోకి నిదానంగా చేరుతుంది, ఇలాంటప్పుడు అంత సమయం ఉండదని తర్వాత వివరంగా చెప్పింది. పావుగంట ఆగి చూస్తే 81. అప్పుడు ప్రసాదం తిన్నాను, ఇంకాసేపటికి భోజనం పెట్టారు. ఒళ్లు కుదుటపడ్డా ఆ రోజంతా తల బరువుగానే ఉంది. రాత్రి పడుకోవాలన్నా టెన్షనే. నిద్రలో మళ్లీ పడిపోతుందేమోనని మా ఆయన రెండుసార్లు లేపి మీటరు పెట్టారు.

రెండు రోజుల తర్వాత డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. పుస్తకంలో రాసుకున్న అంకెలు చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న "టిఫిన్ ఏం మార్చారమ్మా?" అని. చెప్పాను. గ్లిమిపిరైడ్ పనిచేసే తీరు ఆయన అప్పుడు చెప్పారు. మనం ఏం తిన్నామన్నది ఆ మాత్ర చూడదు, క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. ఇడ్లీలు, ఉప్మాలు తినే మనిషికి కుదిర్చిన మోతాదు అది. తిండిలో చక్కెర పెంచే గుణం సగానికి సగం తగ్గి, పైగా మధ్యాహ్నం భోజనం ఆలస్యమయ్యేసరికి ఆ మాత్ర నాకు ఎక్కువైపోయింది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకి ఇలా పడిపోవడం అరుదట. ఆయన 2 మిల్లీగ్రాములని ఒకటికి తగ్గించారు. ఆ తర్వాత కొన్ని నెలలకి అదీ ఆపించారు. ఒక మాత్ర తగ్గిందంటే పెసరట్టు మీద నాకు గౌరవం పెరిగింది, అదే సమయంలో భయం కూడా. మందు తగ్గించాల్సి వచ్చేంత బలం ఉన్న తిండి అది. ఆ సంగతి తెలిసి మొదలుపెట్టడం వేరు, తెలియకుండా మొదలుపెట్టడం వేరు.

ఇక మిగతా సంగతులు. పైన 150 లోపు, ఆ చుట్టుపక్కల అన్నాను కదా, అది మధ్యరకం అట్లు రెండింటికే. ఆదివారాలు పిల్లలొచ్చినప్పుడు మాటల్లో పడి నాలుగు తింటే 190 కూడా చూశాను. పెసల్లోనూ పిండి పదార్థం ఉంది మరి. మధ్యాహ్నం దాకా ఆకలి వేయదన్నది నా వరకు నిజం. కానీ నేను రోజంతా ఇంట్లో ఉండే మనిషిని. ఉద్యోగానికి బస్సులో నిలబడి వెళ్లే మా అమ్మాయి రెండింటితో సరిపోదంటుంది. రాత్రిపూట తింటే నాకు కడుపు ఉబ్బరంగా ఉంటుంది. ఇంగువ వేసి చూశాను, అల్లం పెంచి చూశాను, పెద్ద తేడా లేదు. అందుకని పొద్దున్నే తప్ప తినడం మానేశాను.

పరగడుపు షుగర్ మీద దీని ప్రభావం నాకు పెద్దగా కనబడలేదు. తెల్లవారుజామున కాలేయం గ్లూకోజు వదులుతుంది, దానికి పొద్దున టిఫిన్ ఏం చేయగలదు? నాకు ఇప్పటికీ పరగడుపున 130కి అటూ ఇటూగానే ఉంటుంది. మూడు నెలల సగటు చెప్పే HbA1c పరీక్షలో మొదట 8.6 శాతం ఉండేది, ఇప్పుడు 7.1 దగ్గర ఆగింది. ఆ ఘనత అంతా పెసరట్టుకే కట్టబెడితే అబద్ధమవుతుంది. మధ్యాహ్నం అన్నం సగం చేసి కూర, పప్పు పెంచాను, సాయంత్రం నడక మొదలుపెట్టాను. కానీ వాటిలో నేను ఒక్క రోజు కూడా విసుగు లేకుండా, ఇష్టంగా చేస్తున్నది మాత్రం ఈ టిఫినే. నడక ఎగ్గొట్టిన రోజులున్నాయి, పెసరట్టు వద్దనుకున్న రోజు లేదు.

మా పెద్దక్కకి కూడా షుగరే. ఇది విని ఆవిడా మొదలుపెట్టబోయింది. కానీ ఆవిడకి రక్తంలో క్రియాటినిన్ పెరిగి ఉంది, అంటే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదన్నమాట. మాంసకృత్తులు, పొటాషియం చూసుకుని తినాలని వాళ్ల డాక్టరు పప్పులు, పెసలు తగ్గించమన్నారు. కాబట్టి నాకు కుదిరింది మా అక్కకే కుదరలేదు. కిడ్నీల పరీక్ష ఈ మధ్య చేయించుకోనివాళ్లు అది చేయించుకుని చూడండి.

ఎవరైనా అడిగితే నేను చెప్పే మాట ఇది. కిడ్నీలు బాగుండి, పప్పుదినుసులు అరిగే కడుపు ఉండి, పొద్దున్నే రుబ్బుకునే తీరిక ఉన్నవాళ్లకి ఇడ్లీ, ఉప్మాల బదులు బియ్యం కలపని పెసరట్టు నేను నిస్సంకోచంగా చెబుతాను. మా ఇంట్లో ఇప్పుడు ఒకే టిఫిన్. మా ఆయన దాంట్లో ఉప్మా పెట్టించుకుంటారు, నేను పెట్టుకోను, తేడా అంతే. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రో, ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం ముందు డాక్టరుకి చెప్పండి. మొదటి కొన్నాళ్లు టిఫిన్ తర్వాత ఒకసారి, భోజనానికి ముందు ఒకసారి మీటరు పెట్టుకోండి. ఆ భోజనానికి ముందు అంకె చాలామంది చూడరు, నాకు పడిపోయింది సరిగ్గా ఆ వేళలోనే. ఫంక్షన్లకి వెళ్తే సంచిలో పంచదార పొట్లం ఉండాలి.