కార్ డీటెయిలింగ్ నేర్చుకోవాలంటే కోర్సా, షాపులో పనా?

డీటెయిలింగ్‌ను, అంటే కారును లోపలా బయటా క్షుణ్ణంగా శుభ్రం చేసి పెయింట్‌కు మెరుగుపెట్టే పనిని, వృత్తిగా చేసుకోవాలంటే ముఖ్యంగా రెండు దారులున్నాయి: కొద్దిరోజుల కోర్సు, లేదా అనుభవమున్నవారి షాపులో పనికి చేరడం.

కోర్సులో "ఎందుకు" అన్నది తెలుస్తుంది. పెయింట్ పైనుండే పారదర్శక పొర, క్లియర్ కోట్, మందం మామూలుగా 40–50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పాలిష్ చేసిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది, మళ్లీ రాదు. అందుకే ముందు పెయింట్ మందాన్ని మీటర్‌తో కొలవమంటారు, తక్కువ కోత ఉన్న (పొరను తక్కువగా అరగదీసే) పాలిష్‌తో చిన్న చోట పరీక్షించమంటారు.

షాపులో మాత్రం చేయి తిరుగుతుంది. గుండ్రంగా తిరిగే రోటరీ పాలిషింగ్ మెషిన్ కారు ప్యానెల్ (తలుపు, బానెట్ లాంటి భాగం) అంచు మీద కాస్త ఎక్కువసేపు ఆగితే పెయింట్ కాలిపోతుందని చదవడం వేరు, అరచేయి పెట్టి ఆ ప్యానెల్ ఎంత వేడెక్కిందో చూడడం వేరు. సీటు పట్టాల సందుల్లో ఇరుక్కున్న మట్టిని బ్రష్‌తో తీసే ఓపిక కూడా అక్కడే అలవాటవుతుంది. చిక్కల్లా ఒకటే: నేర్పే మనసు లేని చోట పడితే నెలల తరబడి కార్లు కడగడంతోనే సరిపోతుంది. పైగా వాళ్ల తప్పుడు అలవాట్లు మనకూ అంటుకుంటాయి.

నేనైతే ముందు షాపే అంటాను, చేయి కుదిరాక కోర్సు. ముందే కోర్సుకు వెళ్తానంటే, మెషిన్ మీ చేతికి ఎంతసేపు ఇస్తారో, పాత ప్యానెళ్ల మీద చేయిస్తారో లేదో అడిగాకే ఫీజు కట్టండి.