సింకు కింద అర తెరిచి చూడండి: మాడ్యులర్ కిచెన్ చేయించుకుంటున్నవారికి హెచ్చరిక

ఇల్లు అమ్మే ముందు తక్కువ ఖర్చులో వంటిల్లు బాగుచేయిద్దామనుకుంటున్నవారు దయచేసి ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. పది రోజుల్లో మాడ్యులర్ కిచెన్ బిగించి ఇస్తామంటూ మన కాలనీల్లో కరపత్రాలు పంచుతున్నవారిలో ఒకరి చేతిలో నేను మోసపోయాను. పేరు రాయడం లేదు, కానీ వారితో పని చేయించుకున్నవారికి ఎవరో అర్థమవుతుంది.

మాది దిల్‌సుఖ్‌నగర్ వైపు 1998లో కట్టిన అపార్టుమెంటులో రెండు పడకగదుల ఫ్లాటు. మావారు పోయిన తర్వాత విశాఖపట్నంలో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్లిపోవాలని అమ్మకానికి పెట్టాను. చూడటానికి వచ్చినవారు వంటింటి గుమ్మం దగ్గరే మనసు మార్చుకుంటున్నారని, నూనె జిడ్డుకు పసుపు తేలిన టైల్సునూ తలుపులు లేని కడప రాతి అరలనూ మార్పిస్తే మంచి ధర వస్తుందని బ్రోకరు చెప్పారు. లక్షా ఎనభై వేలకు మాట కుదిరింది. సగం ముందుగానూ, సామాను దిగిన రోజున డెబ్బై రెండు వేలూ, బిగింపు అయిన సాయంత్రమే మిగిలిన పద్దెనిమిది వేలూ ఇచ్చేశాను. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ తగ్గుతుందన్నారు, నేను సరేనన్నాను. ఆ సరే అన్నందుకు ఈ రోజుకీ నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

షోరూములో నా చేతికిచ్చిన ముక్క అసలైన ప్లైవుడ్డే. దాని మీద ఐఎస్‌ఐ గుర్తు, కింద ఐఎస్ 710 అన్న భారతీయ ప్రమాణపు అంకె స్పష్టంగా ఉన్నాయి. ఆ రకం ప్లైని 72 గంటలు నీళ్లలో మరిగించి పరీక్షిస్తారని, సింకు కింద ఎంత తడి తగిలినా పొరలు విడవవని, "మీరు మా అమ్మలాంటివారు, మీకు తక్కువ రకం వేస్తానా" అని ఆ యజమాని నాతో అన్నారు. కానీ కొటేషన్ కాగితంలో "వాటర్‌ప్రూఫ్ ప్లై" అన్న రెండు మాటలే రాశారు, అంకె ఎక్కడా లేదు. నేను కాగితాన్ని కాక మనిషి మాటను నమ్మాను.

బిగించే రోజున సింకు పైపు కోసం కుర్రవాడు బోర్డుకు గుండ్రంగా రంధ్రం కోస్తుంటే, పొరలు పొరలుగా రావలసిన చెక్క రవ్వలా పొడిపొడిగా రాలింది. ఇదేమిటని అడగాలని నోటిదాకా వచ్చింది కానీ, పనివాళ్లను అనుమానించినట్లు ఉంటుందని ఊరుకున్నాను. తర్వాత మరో వడ్రంగిని పిలిచి చూపిస్తే, పైకి కనిపించే తలుపులు మాత్రమే ప్లై అని, లోపలి పెట్టెలన్నీ రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు అని తేలింది.

బిగించిన పంతొమ్మిదో రోజు, ఆదివారం నాడు, ధర దాదాపుగా ఒప్పుకున్న దంపతులు రెండోసారి ఇల్లు చూడటానికి వచ్చారు. ఆమె ఒక్కొక్క అరా తెరిచి చూస్తూ సింకు కింద తలుపు దగ్గరికి వచ్చారు. తలుపు ఒక పక్కకు ఒరిగింది, ఎందుకంటే హింజి మరలు పట్టుకోవడానికి లోపల గట్టి చెక్క లేదు. పైపు కీలు దగ్గర సన్నగా చెమర్చిన నీటికే అడుగు బోర్డు ఉబ్బిపోయి, అంచున అతికించిన పట్టీ ఊడి వేలాడుతున్నది. ఆమె బొటనవేలితో నొక్కితే అది నానిన అటుకుల్లా లోపలికి దిగింది. ఆమె ఏమీ అనకుండా చీర చెంగుతో వేలు తుడుచుకున్నారు.

నేను అక్కడికక్కడే ఆ యజమానికి ఫోను చేశాను. చేతులు వణుకుతుండటంతో స్పీకరు పెట్టి గట్టు మీద ఉంచాను. విషయం విన్న తర్వాత ఆయన అన్న మాట ఇది: "అమ్మేసే ఇల్లే కదా మేడమ్, ఆ బాధ కొన్నవాళ్లు పడతారు. మీకెందుకు?" కొనడానికి వచ్చిన ఇద్దరూ నా పక్కనే నిలబడి ఆ మాట విన్నారు.

ఇంట్లో ఎంత నిశ్శబ్దం కమ్మిందో చెప్పలేను. నాకు తెలియదండీ అని అంటున్నా, ఆ మాట నాకే అబద్ధంలా వినిపించింది. వారు మర్యాదగానే సెలవు తీసుకుని వెళ్లిపోయారు. వంటింట్లోనే ఇలా కప్పిపుచ్చితే గోడల్లో ఏమేమి దాచి ఉంటారోనని భయపడి వెనక్కి తగ్గారని మరునాడు బ్రోకరు చెప్పారు. డబ్బు పోయినందుకు బాధ ఉంది, కానీ ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషిని తోటి మనుషుల ముందు మోసగత్తెగా నిలబెట్టిన ఆ ఒక్క మాటను మాత్రం నేను మరిచిపోలేను. పాతికేళ్లకు పైగా నీళ్లు కారినా చెక్కుచెదరని ఆ కడప బండలను చెత్తతో పాటు వాళ్ల బండిలోనే ఎక్కించి పంపించాను. వాటికి తలుపులు మాత్రం చేయించుకుని, టైల్సు మార్చి, గోడలకు రంగు వేయిస్తే నలభై యాభై వేలలో పని పూర్తయ్యేదని ఇప్పుడు వచ్చిన వడ్రంగి అన్నారు.

చేయించుకునేవారు కొటేషన్‌లో లోపలి పెట్టెలకు, తలుపులకు విడివిడిగా ప్లై రకం, ఐఎస్ అంకె, మందం రాయించుకోండి. షీట్లు కోయక ముందే వాటి మీది ముద్రకు ఫోటో తీయండి. బిల్లు లేకుండా పైసా ఇవ్వవద్దు, చివరి వాయిదాను నెల రోజులు ఆపండి. నేను 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోను చేసి చెప్పాను. బిల్లు లేకపోయినా యూపీఐ చెల్లింపులు, వాట్సాప్ సందేశాలు నా దగ్గర ఉన్నాయి కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాను. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే అక్కడ రుసుము లేదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు. ఇలాంటి పనే చేయించుకున్నవారు ఈ రోజే సింకు కింద అర వెనకవైపు గోటితో గీరి చూడండి. పొడి రాలితే ఫోటో తీసి నాకు పంపండి, అందరం కలిసి ఫిర్యాదు చేద్దాం.