గండికోట రాళ్లదారుల్లో అద్దె సైకిలు, ఎదురుగా బైకులు

గండికోట చుట్టుపక్కల రాళ్లదారుల్లో తిరగడానికి గేర్ల సైకిలు అద్దెకిచ్చి, వెంట ఒక గైడును పంపే సేవను ఈ చలికాలంలో వారాంతంలోనూ, వారం మధ్యలోనూ వాడి చూశాను. సైకిలు బాగుంది, గైడు అంతకంటే బాగున్నాడు, దారిని నిర్ణయించిన నిర్వాహకుల తీరు మాత్రం నాకు నచ్చలేదు. అదే దారిలో వారాంతాల్లో బెంగళూరు, హైదరాబాదుల నుంచి పెద్ద బైకుల మీద బృందాలుగా వస్తున్నారు కనుక, ఈ సేవను బేరీజు వేయడానికి సైకిలు నాణ్యత ఒక్కటే చూస్తే సరిపోదు.

ముందుగా సైకిలు సంగతి. అల్యూమినియం ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు మాత్రమే కుదుపులు తగ్గించే సస్పెన్షన్, 29 అంగుళాల చక్రాలు, రెండు వైపులా డిస్కు బ్రేకులు. బయలుదేరే ముందు గైడు రెండు టైర్లనూ బొటనవేలితో నొక్కి చూసి, ముందు టైరులో గాలి కొంచెం వదిలాడు. బిగుతుగా ఉన్న టైరు ఈ రాళ్ల మీద పట్టు దొరక్క ఎగిరెగిరి పడుతుంది. ట్యూబుల్లో పంక్చరును తనంతట తానే పూడ్చే ద్రవం పోసి ఉంచారు. పల్లేరు కాయలూ, సర్కారు తుమ్మ ముళ్లూ పరచుకుని ఉండే ఈ నేలలో అది లేకుండా మైలు దూరం వెళ్లడం కూడా కష్టమే. హెల్మెట్ల పట్టీలు మాత్రం వదులైపోయాయి, మార్చవలసి ఉంది.

ఇక బైకుల విషయానికి వస్తే, అవి ఇక్కడ రెండు రకాలు. మొదటిది ఊరివాళ్ల టీవీఎస్ ఎక్సెల్: వెనుక గడ్డిమోపో, పాల క్యానో కట్టుకుని పొలానికీ దొడ్డికీ మధ్య తిరిగే బండి. ఈ దారులు అసలు వాళ్లు, గొర్రెల కాపరులు నడిచి నడిచి పడ్డవే. అలాంటి బండి ఎదురైతే గైడు మమ్మల్ని దూరం నుంచే ఆపి, "పో మామా, నువ్వు పో, మేం నిల్చుంటాం" అని దారి ఇచ్చేవాడు. ఈ మర్యాద నిర్వాహకులు నేర్పినదో, ఊరివాడు కనుక అతనికి సహజంగా అబ్బినదో తెలియదు గానీ, పర్యాటకులకు ముందుగా తెలియవలసింది ఇదే.

రెండో రకం వారాంతపు బృందాలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ లాంటి బండి ఒక్కటే దాదాపు రెండు వందల కిలోల బరువు ఉంటుంది. మన సైకిలు ఎంత బరువైనా పదిహేను కిలోల దగ్గరే. పైగా హెల్మెట్టులో తల దూర్చి, ఇంజను మోతలో వచ్చేవాడికి సైకిలు గంట వినిపించదు. కాబట్టి తప్పుకోవలసిన బాధ్యత ఎవరిదన్న వాదన కంటే, ఎవరు ఎవరిని ముందు పసిగట్టగలరన్నదే ఇక్కడ ముఖ్యం. మోత వినగానే గైడు చెయ్యెత్తి మమ్మల్ని ఆపి, "బండ్లు వస్తాండాయి సార్, గట్టుపక్కకు రాండి, లోయపక్క నిలబడాకండి" అన్నాడు. గాలి ఎటు వీస్తున్నదో చూసి, దుమ్ము మా మీద పడని వైపున నిలబెట్టాడు. మొదటి బైకు మీద వచ్చిన వ్యక్తి చేతి వేళ్లు మూడు చూపించి వెళ్లాడు, అంటే వెనుక ఇంకా మూడు బండ్లు ఉన్నాయని అర్థం. చివరివాడు పిడికిలి చూపించాకే మేము కదిలాము. కొండదారుల్లో తిరిగే బైకువాళ్లలో వాడుకలో ఉన్న ఈ సైగను గైడు మాకు బయలుదేరేటప్పుడే చెప్పి ఉన్నాడు. అది తెలియకపోతే మొదటి బండి దాటగానే దారిలోకి వచ్చి రెండోదానికి ఎదురుపడేవాళ్లం.

సైకిళ్లు, బైకులు ఒకే దారిని పంచుకోవడం కొత్త విషయమేమీ కాదు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని మోయబ్ దగ్గరున్న స్లిక్‌రాక్ దారిని 1969లో గుర్తించి ఏర్పరచింది మోటారుసైకిళ్ల వాళ్లే. తర్వాతి కాలంలో అది కొండ సైకిళ్లకు పేరుపొందింది, నేటికీ ఇరువురూ దానిమీద తిరుగుతారు. అక్కడ సాధారణంగా పాటించే పద్ధతి ప్రకారం ఇంజను ఉన్న బండి మిగిలినవారికి దారి ఇవ్వాలి, దిగేవారు ఎక్కేవారికి దారి ఇవ్వాలి. రెండోదానికి కారణం తేలికగానే అర్థమవుతుంది: గులకరాళ్ల ఎక్కుడులో ఒకసారి ఆగిన సైకిలును తిరిగి కదిలించబోతే వెనుక చక్రం జారిపోతుంది, బైకుకు మాత్రం క్లచ్ వదిలితే చాలు. గండికోటలో ఈ మాట రాసిన బోర్డు ఒక్కటీ నాకు కనిపించలేదు. అందుకే ఆ పని గైడు నోటిమీద నడుస్తున్నది.

నా అసలు ఫిర్యాదు దారి దిశ గురించి. నిర్వాహకులు సైకిళ్లను తారురోడ్డు మీదుగా పైకి తీసుకెళ్లి, రాళ్లదారిలో కిందికి దింపుతారు. బైకు బృందాలేమో సరదాకోసం సరిగ్గా అదే రాళ్లదారిని కిందినుంచి ఎక్కుతాయి. మధ్యలో ఒక బండరాయి, దాన్ని ఆనుకుని తుమ్మపొద ఉన్న మలుపులో ఎదుటివాడు పది అడుగుల దూరానికి వచ్చేదాకా కనిపించడు. పైగా ఎక్కుడులో గిరగిరా తిరిగిన బైకుల వెనుక చక్రాలు అక్కడ గాడి తవ్వాయి, వాననీళ్లు అందులోనే పారి దాన్ని ఇంకా లోతు చేశాయి. దిగేటప్పుడు ముందు చక్రం ఆ గాడిలో పడితే హ్యాండిల్ తిప్పడానికి వీలుండదు. వెనుక బ్రేకు బిగించి జారుకుంటూ దిగే సైకిలువాళ్లు కూడా నేలను కొంత గీకుతారన్నది నిజమే, ఆ గాడి మాత్రం వాళ్ల పని కాదు.

దిశను తిరగేస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. ఇరువురూ ఎక్కుతుంటే బైకు మోత వెనుకనుంచి ముందే వినిపిస్తుంది, సైకిలు కూడా నెమ్మదిగానే ఉంటుంది. ఈ మాట నిర్వాహకులతో అంటే, ఎక్కుడు ఎక్కువైతే కొత్తవాళ్లు మళ్లీ రారని బదులిచ్చారు. వ్యాపారం కోణంలో అది అబద్ధం కాదు, అయితే గుడ్డిమలుపులో గుద్దుకున్నవాళ్లు కూడా మళ్లీ రారు కదా.

ఒక విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి. మా బృందంలో ఒకరు లంకమల అడవిలోకి తీసుకెళ్లగలరా అని అడిగితే కుదరదని నిష్కర్షగా చెప్పారు. అది అభయారణ్యం, అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనిపించిన ప్రాంతం. డబ్బు వస్తుందన్నా ఒప్పుకోలేదు.

వెళ్లదలచినవారు ఆదివారాన్ని వదిలి వారం మధ్యలో వెళ్లడం మంచిది. నేను వెళ్లిన ఆ మామూలు రోజున ఎక్సెళ్లు తప్ప మరేమీ ఎదురు కాలేదు. వాన పడిన మర్నాడు వద్దు, కొండ కింద రేగడి నేల తడిస్తే మట్టి ఫోర్కుకు పట్టేసి చక్రమే తిరగదు. ఎక్కుడు తొక్కగలిగినవారైతే, రాళ్లదారిని కిందినుంచి పైకి తీసుకెళ్లమని ముందే ఫోనులో అడగండి. నేను రెండోసారి అలా అడిగితే గైడు సంతోషంగానే ఒప్పుకున్నాడు.