స్వచ్ఛంద సంస్థకు లెక్కల ప్రాజెక్టు: సర్వేనా, షెడ్యూలా, పాత రిజిస్టరా?

సెమిస్టర్ మొదలైందంటే జూనియర్ల నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, ఎన్జీవో ప్రాజెక్టుకి సర్వే తీసుకోమంటావా, ఆప్టిమైజేషన్ తీసుకోమంటావా?" (ఆప్టిమైజేషన్ అంటే ఉన్న దారుల్లో, షెడ్యూళ్లలో అన్నిటికంటే మంచిదాన్ని లెక్కవేసి తేల్చడం.) ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను. మేం నలుగురం పోయిన సెమిస్టర్‌లో ఈ రెండూ కాకుండా మూడోది, అంటే సంస్థ పాత హాజరు రిజిస్టర్ల లెక్క, తీసుకున్నాం. కాబట్టి నా మొగ్గు ఎటో దాచినా దాగదు.

ముందు సర్వే సంగతి. గ్రూపులో అందరికీ ముందు తట్టేది ఇదే, ఎందుకంటే సులువుగా కనిపిస్తుంది. 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూ ఇటూగా చెప్పాలంటే 385 జవాబులు కావాలి. ఆ సంస్థకు వచ్చేవాళ్లే మొత్తం 400 మంది అనుకోండి, మొత్తం జనం తక్కువైనప్పుడు చేసే సవరణ వేసుకున్నా 197 దగ్గర ఆగుతుంది. అంటే సగం మందిని పట్టుకోవాలి. గూగుల్ ఫామ్ పంపితే తిరిగొచ్చేది ఎంతో మీకూ తెలుసు. పైగా జవాబిచ్చినవాళ్లూ ఇవ్వనివాళ్లూ ఒకలాంటివాళ్లు కారు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు ఒక పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు పోగేసి కూడా ఓడిపోయే అభ్యర్థి గెలుస్తాడని చెప్పింది. జవాబుల సంఖ్య ఎంత పెరిగినా ఈ తప్పు సర్దుకోదు. సంస్థ దగ్గర రాతపూర్వకంగా ఏమీ లేకపోతే సర్వేనే దిక్కు, కాదనను. కానీ ఎనిమిదో వారం దాకా జవాబుల కోసం ఎదురుచూస్తూ, ఆఖరి వారం టెన్షన్‌తో గ్రాఫులు గీసే గ్రూపులనే నేను ఎక్కువగా చూశాను.

ఆప్టిమైజేషన్ వైవాలో, అంటే నోటి పరీక్షలో, మెరుస్తుంది. ఒక చోట బయల్దేరి పది ఇళ్లు తిరిగి వెనక్కి రావడానికి 36,28,800 వరసలున్నాయి, తిరగేసినవి ఒకటే అనుకున్నా 18,14,400 అని బోర్డు మీద రాస్తే ఎగ్జామినర్ తల ఊపుతారు. ఎవరిని ఏ షిఫ్టుకి వెయ్యాలన్నదానికి 1955 నుంచీ హంగేరియన్ పద్ధతి అనే లెక్క ఉండనే ఉంది. ఇలాంటి లెక్కలు తేల్చడానికి ఎక్సెల్‌తో పాటు వచ్చే సాల్వర్ అనే పనిముట్టు 200 చరరాశుల (తేల్చాల్సిన విలువల) దగ్గర ఆగిపోతుంది. 30 మంది వలంటీర్లు, 7 షిఫ్టులు అంటే, ఒక్కో మనిషికి ఒక్కో షిఫ్టుకి ఒకటి చొప్పున, అప్పుడే 210. దాంతో పైథాన్‌లో ప్రోగ్రాం రాయడానికి దిగుతారు. చిక్కంతా అక్కడే. ఒక వలంటీరు "మంగళవారం రాలేను" అని ఫోన్ చేసిన రోజు ఆ ప్రోగ్రాం మళ్లీ నడిపేది ఎవరు? మా కంటే ముందు బ్యాచ్ చేసిన షెడ్యూలర్ వాళ్ల లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. సంస్థలో దాన్ని తెరిచినవాళ్లు లేరు.

నా వరకు తేల్చేది ఇదే: మనం మార్కులు తీసుకుని వెళ్లిపోయాక ఆ లెక్క అక్కడ మనిషి చేతిలో నడవాలి. మిగతావన్నీ దీని తర్వాతే.

అందుకే మేం పాత రిజిస్టర్లు పట్టుకున్నాం. అది ఉచితంగా ట్యూషన్ చెప్పే కేంద్రం. రోజుకి కనీసం ఐదుగురు వలంటీర్లు ఉండాలి. ఆరుగురికి చెప్పి పెట్టుకున్నా చాలా రోజులు చాలట్లేదు. రెండు వారాలు హాజరు పట్టీలు ఎక్కించడంతోనే సరిపోయింది. మొదటి రిజిస్టర్‌లో నలుగురిలో ముగ్గురు వస్తున్నట్టు లెక్క తేలింది. రెండోదాని మధ్య నుంచి హఠాత్తుగా పావు వంతే. వలంటీర్లంతా ఒకేసారి మానేశారా? పేజీలు తిప్పి చూస్తే అక్కడి నుంచి చేతిరాత మారింది. పాత ఇన్‌చార్జి చుక్క పెడితే వచ్చినట్టు, కొత్తాయన చుక్క పెడితే రానట్టు! ఆ కేంద్రంలోని మేడంని అడిగితే నవ్వి, "అవును బాబూ, ఆయన పద్ధతే వేరు" అన్నారు. ఆ నవ్వు వినకపోయి ఉంటే మా రిపోర్టు మొత్తం తల్లకిందులయ్యేది.

ఆ తర్వాత వాడింది ద్విపద విభాజనమే, ఇంటర్‌లో చదివినది: ఇంతమందిలో కనీసం ఇందరు వచ్చే అవకాశం ఎంతో చెప్పే లెక్క. ఒక్కొక్కరు వచ్చే సంభావ్యత 0.75 అయితే, ఆరుగురికి చెప్పినప్పుడు ఐదుగురైనా వచ్చే అవకాశం 53 శాతం. ఏడుగురికి చెబితే 76, ఎనిమిది మందికి చెబితే 89. ఇంతే ప్రాజెక్టు. ఇందులో ఒక మెలిక మాత్రం వైవాలో మేమే ముందు ఒప్పేసుకున్నాం: ఒకరు రాకపోవడానికీ ఇంకొకరు రాకపోవడానికీ సంబంధం లేదనుకుని వేసిన లెక్క ఇది. పెద్ద వాన పడితే అందరూ కలిసే మానేస్తారు. ఆ రోజుకి ఈ 89 పనికిరాదు.

గ్రూపుగా చేయడానికీ ఇదే నయం. సర్వేలో అందరూ జవాబుల కోసం కూర్చోవాలి, ఆప్టిమైజేషన్‌లో కోడ్ వచ్చినవాడొక్కడే పనిచేస్తాడు, మిగతా ముగ్గురూ పీపీటీకి రంగులు వేస్తారు. రిజిస్టర్లయితే తలో మూడు నెలలు పంచుకోవచ్చు. పక్కవాడు ఎక్కించిన పేజీల్లోంచి ఇరవై గళ్లు ఏరి ఇంకొకడు సరిచూడాలి. మా చుక్కల గొడవ బయటపడింది అలాగే. ఒక జాగ్రత్త: పేర్లు ఎక్కించకండి, నంబర్లు చాలు.

డ్యాష్‌బోర్డు (సంస్థ అంకెలన్నీ ఒకే తెర మీద చూపేది) చేద్దామా అని అడిగేవాళ్లకి: అప్‌డేట్ చేసే మనిషి ఉంటేనే. పిల్లలకి లెక్కల వర్క్‌షాప్ మంచిదే, కానీ రిపోర్టులో రాయడానికి ఏమీ మిగలదు.

మేం ఇచ్చిన ఇరవై పేజీల రిపోర్టు అక్కడ ఎవరైనా చదివారో లేదో అడగలేదు. దాంతోపాటు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "5 మంది కావాలంటే 8 మందికి చెప్పండి" అని, కింద 6, 7, 8కి ఎంత శాతమో రాసి గోడకి అంటించి వచ్చాం. మొన్న వెళ్తే అది ఇంకా అక్కడే ఉంది. 8 కొట్టేసి పక్కన పెన్నుతో 9 అని రాసుంది. ఇదేంటి మేడం అంటే, "ఇది పరీక్షల నెల కదా, కాలేజీ పిల్లలు తక్కువ వస్తారు. అందుకే ఇంకొకరిని కలిపాను" అన్నారు.