పాజ్ నొక్కినా ఆగని ఆటలు

టీవీకి తగిలించి ఆడుకునే ప్లేస్టేషన్ 4, అదే పీఎస్‌4, కొని ఏడేళ్లు దాటింది. ఆ పెట్టె గురించి కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు, అందరికీ తెలిసిందే. నా గొడవంతా ఒక్క బటన్‌తో. ప్యాడ్ మీద కుడిపక్క ‘ఆప్షన్స్’ అని చిన్నది ఉంటుంది. ఒంటరిగా ఆడుతున్నప్పుడు అది నొక్కితే ఆట ఆగిపోతుంది, మన పని మనం చూసుకుని రావచ్చు. ఆన్‌లైన్‌లో నొక్కితే మెనూ వస్తుంది తప్ప ఆట ఆగదు. మెనూ వెనక మనల్ని కాల్చేవాడు కాలుస్తూనే ఉంటాడు.

ఇది తెలియక కొన్నవాణ్ని కాదు. 2019లో కనపడినవాడికల్లా ఆన్‌లైన్ గురించి ఊదరగొట్టింది నేనే. ఆటంటే ఆన్‌లైనే, మిగతాది సినిమా చూసినట్టు అనేవాణ్ని. పీఎస్‌3 రోజుల్లో ఉచితంగా ఆడుకున్నదానికి పీఎస్‌4లో ప్లేస్టేషన్ ప్లస్ అనే చందా కట్టాలంటే కూడా, ఏడాదికోసారి కట్టి పడేస్తే పోలా అన్నాను. నాగపూర్ కుర్రాడొకడు, కొలంబో వాడొకడు జట్టుగా దొరికారు. నాకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలూ వాళ్లు నేర్పినవే. అప్పుడు చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే అప్పట్లో రాత్రిళ్లు చెరువు దగ్గర నాన్న పడుకునేవారు.

మాది భీమవరం నుంచి మొగల్తూరు వైపు. రెండు రొయ్యల చెరువులు, వెనామీ రకం. నాన్నకి మోకాళ్లు పట్టేశాక రాత్రి కాపలా నామీద పడింది. గట్టు మీద మకాంలో మంచం, టీవీ, పీఎస్‌4, నెట్ పెట్టె, వీటన్నిటికీ ఒక ఇన్వర్టర్. నిద్ర పట్టకుండా ఉండటానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదనుకున్నాను.

2021 ఆగస్టులో మూడు రోజులుగా మబ్బు. ఎండ లేకపోతే నీళ్లలో నాచు ఆక్సిజన్ సరిగా తయారుచేయదు, పైగా రాత్రయితే రొయ్యతో పాటు అదీ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగాయంటే అంతే సంగతులు. ఆ సంగతి తెలిసీ హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాను. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు ఆడే తుపాకుల ఆట, పేరెందుకు లెండి. అందులో మాట్లాడుకోకపోతే గెలవలేం, మాట్లాడుకోవాలంటే చెవులు మూసుకోక తప్పదు.

రెండున్నర ప్రాంతంలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కాబట్టి టీవీ రెప్ప కూడా వేయలేదు. చెరువు దగ్గర పడుకునేవాడికి ఏరేటర్ల దబదబ జోలపాట లాంటిది. అది ఆగితే ఎంత గాఢనిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాం. నిద్రపోయి ఉన్నా లేచేవాణ్ని. మెలకువగా ఉండటం వల్లే నాకు వినపడలేదు.

పక్క చెరువు కాపలా మనిషి వచ్చి తలుపు బాదాడు. “బాబుగారూ, మీ చెరువులో తిరగట్లేదండీ, కరెంటు పోయి చాలాసేపయిందండీ!”

ఇక్కడ రాయడానికి సిగ్గుపడే ముక్క ఒకటుంది. నేను వెంటనే లేవలేదు. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాను. ఆఖరి రౌండు, మా జట్టులో నేనొక్కణ్నే మిగిలాను, అటు ఇద్దరు. అతను నా వేలు వంక చూశాడు, టీవీ వంక చూశాడు, ఏమీ అనకుండా జనరేటర్ షెడ్డు వైపు పరిగెత్తాడు. అప్పుడు ప్యాడ్ విసిరేసి నేనూ పరిగెత్తాను. బ్యాటరీ దిగిపోయి ఉంది, సెల్ఫ్ కొట్టదు. ట్రాక్టర్ బ్యాటరీ పీక్కొచ్చి తగిలించేసరికి పావుగంట పట్టింది. టార్చి వేస్తే గట్టు వారంతా రొయ్య తేలి ఉంది, కళ్లు ఎర్రగా మెరుస్తూ. ఆక్సిజన్ గుళికలు చల్లాం, మిగిలినదాన్ని బతికించుకున్నాం. పొద్దున్నే వలేసి కిలోకి 70 తూగే సైజులోనే, అంటే 70 కౌంట్ మీదే పట్టేశాం. నాన్న రేటు అడిగారు, తూకం అడిగారు, ఇంకేమీ అడగలేదు.

మకాంలోకి వెళ్లేసరికి టీవీ వెలుగుతూనే ఉంది. ఆట మధ్యలో వెళ్లిపోయినందుకు అరగంట నిషేధం అని తెర మీద రాసి ఉంది. నాగపూర్ కుర్రాడు హిందీలో పెట్టిన మెసేజ్‌లో నాకు అంతవరకూ రాని మాటలు కూడా ఉన్నాయి. ఆ కుర్రాడి తప్పు కాదు. నా చెరువు వాడికేం తెలుసు?

ఆ దెబ్బకి జనరేటర్‌కి ఆటోమేటిక్ స్విచ్ పెట్టించాను, కరెంటు పోతే మోగే సైరనూ పెట్టించాను. చందా మాత్రం కట్టలేదు.

పాజ్ లేకపోవడం ఆన్‌లైన్‌కి మాత్రమే పట్టిన రోగం కాదని తర్వాత తెలిసింది. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో నెట్ తీసేసి ఒంటరిగా ఆడినా పాజ్ బటన్ అంటూ లేదు. అదే కంపెనీ 2019లో తీసిన సెకీరోలో శుభ్రంగా ఉంది. ఎందుకలా చేస్తారో వాళ్లకే తెలియాలి. చెరువులున్నవాళ్లు సెకీరో కొనుక్కోండి.

అసలు ఆశ్చర్యం 2022 మేలో. 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవలు జరిగాక కోనసీమలో మొబైల్ నెట్ ఆపేశారు. ఇంటి నుంచి ఉద్యోగం చేసే కుర్రాళ్లు పుదుచ్చేరి కిందకొచ్చే యానాం సిగ్నల్ అందుతుందని లాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టుకి వెళ్లి కూర్చున్నారు. మా బావమరిదిది అమలాపురం పక్కనే. వాడు ఏకంగా చించినాడ వంతెన దాటి మా ఇంటికి వచ్చేశాడు. నెట్ కోసం వచ్చినవాడితో పది రోజులు నెట్ అక్కర్లేని ఆట ఆడాను.

ఇట్ టేక్స్ టూ. 2021లో వచ్చింది, ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో మేటి ఆటగా నిలిచింది. ఒక్కళ్లు ఆడటానికి అసలు కుదరదు, ఇద్దరుండాల్సిందే. తెర రెండు ముక్కలుగా ఉంటుంది. విడాకులకి సిద్ధమైన మొగుడూ పెళ్లాలు బొమ్మలైపోతారు. మొదట్లోనే ఒకరి చేతికి మేకులు, ఇంకొకరికి సుత్తి. వాడు చెక్కలోకి మేకు విసరాలి, నేను ఆ మేకుకి సుత్తి తగిలించుకుని ఊగి అవతలికి దూకాలి. వాడు తొందరపడి మేకు వెనక్కి పీకేసేవాడు, నేను అగాథంలో పడేవాణ్ని. “బావా, చూసుకోలేదు బావా” అనేవాడు. పెళ్లాం పాత్ర నాది కావడంతో మా ఆవిడ పకోడీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి నవ్వేది. “విడాకులు మీ ఇద్దరికా? మా తమ్ముడికి భరణం ఎంతిస్తారు?” అంది ఒకరోజు. మధ్యలో చెరువుకి మేత వేసే టైమైతే పాజ్ నొక్కి వెళ్లొచ్చేవాళ్లం. తిరిగొచ్చేసరికి ఆ బొమ్మలు గాల్లో ఎక్కడివక్కడే ఉండేవి.

కొట్టుకునే ఆటలకి పక్కన కూర్చోవడం మరీ నయం. టెక్కెన్ తెర మీద సెకనుకి 60 బొమ్మలు, అంటే 60 ఫ్రేములు నడుస్తుంది, అందులో మామూలు చిన్న గుద్దుకి 10 ఫ్రేములు, అంటే సెకనులో ఆరోవంతు. మా ఊరి నెట్‌లో అవతలివాడి దాకా వెళ్లి రావడానికి వాన రోజున 90 మిల్లీసెకన్లు పట్టేది, అంటే ఆ టైములో సగం దారిలోనే పోయింది. కొబ్బరి మట్ట తీగ మీద పడితే ఇక అసలే లేదు. సంక్రాంతికి అరుగు మీద టీవీ పెట్టి పిల్లలు ఆడే టెక్కెన్‌కి ఈ బాధ లేదు, ఓడినవాడు నెట్ మీద నెపం పెట్టడానికీ లేదు.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. బావమరిదిని ఆఫీసువాళ్లు హైదరాబాద్ రమ్మన్నారు. అప్పటికి మా ఆట సగమే అయింది. ఆ ఆటలో ఫ్రెండ్స్ పాస్ అని ఉంది, ఒకరు కొంటే రెండోవాళ్లు ఉచితంగా ఆన్‌లైన్‌లో కలవచ్చు. నేను మళ్లీ చందా కట్టాను, ఈసారి ఒక్క నెలకే. హెడ్‌సెట్ లేకుండా, ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆడాం. ఒకరాత్రి సైరన్ మోగింది. “ఆగరా, కరెంటు పోయింది” అన్నాను. “వెళ్లు బావా, ఇక్కడే ఉంటా” అన్నాడు. జనరేటర్ చూసుకుని ఇరవై నిమిషాలకి వచ్చాను. వాడి బొమ్మ అక్కడే నిలబడి ఉంది, ఫోన్‌లో వాడు ఏదో తింటున్న చప్పుడు.

కాబట్టి ఆన్‌లైన్ కావాలా వద్దా అని నన్నడిగితే నా జవాబు మీకు పనికిరాకపోవచ్చు. హాస్టల్లో ఉండి, చెరువూ చేనూ లేని కుర్రాడికి చందా దండగేమీ కాదు, 2019లో నాకూ కాలేదు. నేనైతే రొయ్యల పట్టుబడి అయిపోయి చెరువులు ఎండగట్టిన నెలల్లో, బావమరిదికి ఖాళీ ఉంటేనే కడుతున్నాను. కొనేముందు మాత్రం ఆట పూర్తిగా సర్వర్ మీదే నడుస్తుందా అని చూసుకుంటాను. 2014లో వచ్చిన ద క్రూ అనే కార్ల ఆటకి 2024 మార్చి 31న సర్వర్లు తీసేశారు, డిస్క్ చేతిలో ఉన్నా ఇక ఆడటానికి లేదు.

ఇట్ టేక్స్ టూ తీసినవాళ్లదే ఇంకోటి, స్ప్లిట్ ఫిక్షన్, 2025లో వచ్చింది. నా పీఎస్‌4లో ఆడదు. పీఎస్‌5 సంగతి ఈ పంట కౌంట్ చూసి ఆలోచించాలి. ఈలోగా సంక్రాంతికి బావమరిది వస్తానన్నాడు. రెండో ప్యాడ్ ఎడమ స్టిక్ ముట్టుకోకపోయినా పక్కకి లాగుతోంది, పండగలోపు భీమవరం తీసుకెళ్లి బాగుచేయించాలి.