జొటేరో: పక్షవాతం పరిశోధనలో మూడేళ్లు వాడాక

నేను ఒక ఆసుపత్రి న్యూరాలజీ విభాగంలో పరిశోధనల పనులు చూస్తాను. ప్రోటోకాల్ (పరిశోధన ప్రణాళిక) సిద్ధం చేయడం, ఎథిక్స్ కమిటీకి పంపడం, సమ్మతి పత్రాన్ని తెలుగులో రాయడం, రోగి పక్కన కూర్చుని దాన్ని చదివి వినిపించడం నా బాధ్యతలు. రిఫరెన్సులు భద్రపరచుకోవడానికి మూడేళ్లుగా జొటేరో వాడుతున్నాను. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. వర్డ్‌లో సైటేషన్లు (ఏ మాటకు ఏ పేపరు ఆధారమో చూపే గుర్తులు) చేర్చడం, పరిశోధన పత్రిక అడిగిన పద్ధతిలోకి రిఫరెన్సుల జాబితాను మార్చడం ఇది చక్కగా చేస్తుంది. అయితే ఆ పనులు చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లు వేరేవి కూడా ఉన్నాయి. నేను దీన్ని వదలకపోవడానికి కారణం 2019లో ఇందులో చేర్చిన ఒక సదుపాయం.

పత్రికలు వెనక్కి తీసుకున్న పరిశోధన పత్రాల వివరాలను రిట్రాక్షన్ వాచ్ అనే సంస్థ ఏళ్ల తరబడి ఒకచోట చేర్చింది. జొటేరో ఆ సమాచారంతో మన లైబ్రరీని, అంటే అందులో మనం దాచుకున్న పేపర్లను, పోల్చి చూస్తుంది. అలాంటి పేపరు ఏదైనా మన దగ్గర ఉంటే పైభాగాన ఎర్ర పట్టీ వస్తుంది, పేపరు పేరు పక్కన ఎర్రని ఇంటూ గుర్తు పడుతుంది, దాన్ని వర్డ్‌లో ఉదహరించబోతే ఆపి మరీ అడుగుతుంది. ఎందుకు వెనక్కి తీసుకున్నారో కారణాలు కూడా అక్కడే కనిపిస్తాయి. మన లైబ్రరీలో ఏయే పేపర్లున్నాయో ఆ జాబితాను బయటికి పంపకుండానే ఈ పోలిక జరిగేలా దీన్ని రూపొందించారు. ప్రచురణకు ముందు ఏం చదువుతున్నామో బయటపడకూడదనుకునే పరిశోధకులకు ఇది చిన్న విషయమేమీ కాదు.

పక్షవాతం వచ్చినవారు పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడంపై ఒక అధ్యయనానికి సిద్ధమవుతూ, విభాగంలో ఎప్పటినుంచో ఉన్న పాత రిఫరెన్సుల ఫైలును నా లైబ్రరీలోకి దించుకున్నాను. ఎర్ర పట్టీ వచ్చింది. తెరిచి చూస్తే అది జపాన్ వైద్యుడు యోషిహిరో సాటో 2005లో అమెరికా వైద్య పత్రిక జామాలో ప్రచురించిన పేపరు. పక్షవాతం వచ్చిన 628 మందిలో సగం మందికి రెండేళ్లపాటు ఫోలేట్, మెకోబాలమిన్ అనే బి విటమిన్లు ఇచ్చామని, వారిలో తుంటి ఎముక విరగడం దాదాపు నాలుగో వంతుకు తగ్గిందని అందులో రాశారు. మెకోబాలమిన్ అంటే మన ఓపీల్లో తిమ్మిర్లకు తరచూ రాసే మిథైల్‌కోబాలమినే. రోజూ చూసే మందు కాబట్టి ఆ ఫలితంపై మాలో ఎవరికీ అనుమానం రాలేదు. పరిశోధనలో అక్రమాలు జరిగాయని, రచయితల పేర్లు చేర్చిన తీరు కూడా సరికాదని తేలడంతో ఆ పేపరును 2016లోనే వెనక్కి తీసుకున్నారు.

ఈ అక్రమాన్ని బయటపెట్టినవారి గురించి కూడా చెప్పాలి. స్కాట్లండ్‌లోని అబర్డీన్ నుంచి ఆలిసన్ అవెనెల్, న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నుంచి మార్క్ బోలండ్, ఆండ్రూ గ్రే, గ్రెగ్ గాంబుల్ కలిసి సాటో ప్రచురించిన 33 ట్రయల్స్‌ను (రోగులపై మందులను పరీక్షించే అధ్యయనాలను) పరిశీలించి, 2016లో న్యూరాలజీ పత్రికలో తమ విశ్లేషణను వెలువరించారు. లాటరీ పద్ధతిలో రోగులను రెండు గుంపులుగా విడదీసినప్పుడు సగటు వయసు, బరువు వంటి వాటిలో కొంత తేడా సహజంగానే వస్తుంది. ఈ పేపర్లలో ఆ తేడాలు నమ్మశక్యం కానంత తక్కువగా ఉన్నాయి. చేతిలో ఒక్క ఆసుపత్రి రికార్డు కూడా లేకుండా, అచ్చయిన పట్టికల్లోని అంకెలతోనే వారు దీన్ని పట్టుకున్నారు.

ఆ రోజు ఎర్ర పట్టీ చూసి పేపరును జాబితాలోంచి తీసేశాను, పని అయిపోయిందనుకున్నాను. సాయంత్రం సమ్మతి పత్రం ముసాయిదా తెరిస్తే రెండో పేజీలో ‘ఇటువంటి మందుల వల్ల ఎముకలు విరగడం తగ్గినట్లు ఇంతకుముందు పరిశోధనల్లో తేలింది’ అన్న వాక్యం కనిపించింది. దానికి ఆధారం ఆ పేపరు ఒక్కటే. కుడిచేయి పడిపోయి ఎడమచేత్తో వేలిముద్ర వేసేవారికి, సాక్షిని పక్కన కూర్చోబెట్టి నేను చదివి వినిపించాల్సిన వాక్యం అది. నా గొంతు మీద నమ్మకంతోనే వాళ్లు వేలిముద్ర వేస్తారు. ఆ వాక్యానికి సైటేషన్ లేదు కాబట్టి జొటేరో దాన్ని చూడలేదు, చూసే వీలు కూడా లేదు. ఈ సాఫ్ట్‌వేర్‌కు ఉన్న అన్నిటికంటే పెద్ద పరిమితి ఇదేనని నా అభిప్రాయం.

ఇతర పరిమితులు కూడా ఉన్నాయి. డీఓఐ (ప్రతి పేపరుకూ ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) గానీ, వైద్య పరిశోధన పత్రాల సూచిక పబ్‌మెడ్ ఇచ్చే సంఖ్య గానీ లేని పేపర్లను ఇది గుర్తించలేదు. వెనక్కి తీసుకున్న ట్రయల్‌ను కలుపుకుని లెక్కలు కట్టిన సమీక్షా వ్యాసం మీద ఎర్ర గుర్తు పడదు, అది మనమే తెరిచి చూసుకోవాలి. పత్రిక నిర్ణయం వెలువడే వరకూ ఏ హెచ్చరికా రాదు. మెదడులో ఒక ప్రత్యేక అమైలాయిడ్ ప్రోటీను జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుందని చెప్పిన 2006 నాటి నేచర్ పేపరు అల్జీమర్స్ పరిశోధనలో ఎంతో ప్రసిద్ధి పొందింది. అందులోని చిత్రాలపై సందేహాలు 2022 జూలైలో సైన్స్ పత్రిక కథనంతో లోకానికి తెలిశాయి, పేపరును వెనక్కి తీసుకున్నది 2024 జూన్‌లో. దాదాపు రెండేళ్ల ఆ వ్యవధి ఎర్ర పట్టీకి అందదు. అందుకే ముఖ్యమైన ప్రతి పేపరునూ నేను పబ్‌పీర్‌లో (ప్రచురితమైన పేపర్లపై పరిశోధకులు సందేహాలు రాసే వెబ్‌సైటులో) కూడా వెతికి చూస్తాను.

ఉచిత ఖాతాలో 300 ఎంబీ నిల్వ ఇస్తారు, పీడీఎఫ్‌లు దాచుకుంటే అది త్వరగా నిండిపోతుంది. నేను వాటిని నా కంప్యూటర్‌లోనే ఉంచుకుంటాను. న్యూరాలజీ పీజీ విద్యార్థులు థీసిస్ మొదలుపెట్టే రోజే దీన్ని పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను. పాత ఫైళ్లున్న విభాగాలు వాటిని ఒక్కసారైనా ఇందులోకి దించి చూడాలి. మా సమ్మతి పత్రం అసలు ప్రతిలో, మందు మేలు చేస్తుందని చెప్పే ప్రతి వాక్యం వెనుకా ఇప్పుడు జొటేరో సైటేషన్ పెడుతున్నాం. రోగికి ఇచ్చే ప్రతిలో ఆ సైటేషన్ అంకెలు కనిపించవు. కొత్త రోగిని చేర్చుకునే ముందు అసలు ప్రతిని తెరిచి, సైటేషన్లను రిఫ్రెష్ చేసి, హెచ్చరిక ఏదీ రాలేదని చూసుకున్నాకే ప్రింటు తీస్తున్నాను.